రెండో కారు ఎవరిది

కలకత్తాకు నది ఇవతల, షాలిమార్ గూడ్స్ యార్డు వెనక, గోడను ఆనుకుని ఉన్న పాత గోదాములో మా రేసింగ్ జట్టు ఉండేది. ఒకప్పుడు అందులో జనపనార బేళ్లు దాచేవారట. నేను చేరేనాటికి రెండు రేసు కార్లు, టైర్ల దొంతరలు, ఒక మూల సిమ్యులేటరు ఉన్నాయి. సిమ్యులేటరంటే నిజం కారులో కూర్చున్నట్టే కాళ్లు చాపుకుని కూర్చుని, తెర మీద ట్రాకు చూస్తూ నడిపే యంత్రం. కలకత్తాలో రేసు ట్రాకు లేదు. పందేలన్నీ చెన్నైలోనూ కోయంబత్తూరులోనూ జరిగేవి. యజమాని ఇల్లు ఇక్కడ కనుక జట్టు కూడా ఇక్కడే ఉండేది.

నాది కరీంనగర్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం కలకత్తా వచ్చాను. కార్లలోని సెన్సార్లు పంపే అంకెలు చదివే మనిషి కావాలని ఎవరో అంటే, సెలవు రోజుల్లో ఆ గోదాముకు వెళ్లడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు ఆఫీసు మానేసి జట్టు మేనేజరునయ్యాను. మేనేజరంటే పెద్ద మాట. లారీ మాట్లాడటం, హోటల్లో గదులు తీసుకోవడం, డ్రైవర్లు వేళకు తిన్నారా లేదా చూసుకోవడం, ఎవరికీ చెప్పాలనిపించని మాటలు వాళ్లకు చెప్పడం నా పని.

మాది కుర్రవాళ్లు నడిపే జూనియర్ సిరీస్. ఒక్కరే కూర్చునే కారు, చక్రాలు కారు ఒంటికి దూరంగా బయటికే ఉంటాయి. అన్ని జట్లకూ ఒకే రకం కార్లు, ఒకే ఇంజన్లు ఇస్తారు. ఇక తేడా రావాలంటే డ్రైవరు వల్ల రావాలి, లేకపోతే కారును సిద్ధం చేసేవాళ్ల వల్ల రావాలి. అందుకే సీజను మొదలవడానికి ముందు వానాకాలంలో డ్రైవర్లు ఒక జట్టులోంచి మరో జట్టులోకి మారుతూ ఉంటారు. కొందరు తామే మారతారు, కొందరిని మారుస్తారు.

మా రెండో కారు నడిపిన అమ్మాయిది నది అవతల రేవు పక్కనున్న గార్డెన్ రీచ్. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి డాక్‌లో కూలిపనికి వచ్చాడు. తండ్రి రేవు నుంచి కంటైనర్లు మోసే ట్రైలరు నడుపుతాడు. తల్లి ఆ పక్కనే మెటియాబ్రుజ్‌లో రెడీమేడ్ బట్టలు కుట్టే చోట మిషను మీద పని చేస్తుంది. అమ్మాయి చిన్న గో-కార్టు ట్రాకులో నడపడం నేర్చుకుని, ఒక ఎంపిక పోటీలో అందరికంటే ముందు వస్తే మా యజమాని చూసి రెండో కారు ఇచ్చాడు. అప్పటికి ఆమె ఇంటరు చదువుతోంది.

నేను ఫోనులో మా అమ్మతో మాట్లాడుతుంటే విని, మొదటిరోజు తనే నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు తెలుగేటి అక్కా?"

"అవును. నువ్వు?"

"మాం కూడా. ఇంట్లోనే మాటాడతాం. సదవడం అయితే రాదు." మళ్లీ తనే, "నీ తెలుగు సినిమాల్లో ఇన్నట్టుగుంది," అంది.

ఆ తర్వాత గోదాములో మేమిద్దరం తెలుగులోనే మాట్లాడుకునేవాళ్లం. ఆమె తెలుగులో సగం బెంగాలీ ఉండేది, కోపం వస్తే అంతా బెంగాలీయే అయిపోయేది. మొదటి ఏడాది ఆమె మరీ అద్భుతంగా ఏమీ నడపలేదు. కొన్నిసార్లు కారు అదుపు తప్పి గిర్రున తిరిగి ట్రాకు పక్క మట్టిలోకి పోయింది. కానీ వాన పడిన రోజుల్లో మాత్రం తనకంటే ఎన్నో ఏళ్ల ముందు మొదలుపెట్టినవాళ్లను దాటేది. చివరి పందెంలో మూడో స్థానంలో వచ్చింది. వచ్చే ఏడాది కూడా కారు ఆమెదేనని మేమంతా అనుకున్నాం. యజమాని కూడా నాతో అలాగే అన్నాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆయన నన్ను తన ఆఫీసుకు పిలిచాడు. టీ తోటల వ్యాపారం ఆయనది, ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. పుణె నుంచి ఒక కుర్రవాడు వస్తున్నాడని, వాళ్ల నాన్న కంపెనీ పేరు మన రెండు కార్ల మీదా వేస్తే సీజను ఖర్చంతా గట్టెక్కుతుందని చెప్పాడు.

"మరి అమ్మాయి?" అని అడిగాను.

"రిజర్వులో ఉంటుంది. ఎవరికైనా జ్వరమొస్తే నడుపుతుంది. నువ్వే చెప్పు, మీ భాషలో చెప్తే సులువుగా ఉంటుంది."

భాష వల్ల ఆ మాట ఎలా సులువవుతుందో నాకు అర్థం కాలేదు. కానీ ఆయన లెక్క మాత్రం అర్థమైంది. స్పాన్సరు లేకపోతే రెండు కార్లూ నిలిచిపోతాయి. నేను ఆయనతో వాదించలేదు.

మర్నాడు నేను వెళ్లేసరికి ఆమె సిమ్యులేటర్లో ఉంది. రేకుల మీద వాన చప్పుడుకు నా మాట వినిపించక, తెర ఆపి దిగి వచ్చింది. టైర్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రెండో కారు ఈ ఏడాది వేరేవాళ్లకు ఇస్తున్నారు, నువ్వు రిజర్వులో ఉంటావు, ఇది నువ్వు బాగా నడపలేదని కాదు అన్నాను.

"మరేటి?"

"వాళ్ల నాన్న స్పాన్సరు తెస్తున్నడు."

ఆమె చేతి తొడుగులు విప్పి ఒకదానిలో ఒకటి దోపింది. "మా నాన్నకి సెప్పీసినారేటి?"

"లేదు. ముందు నీకు చెప్దామని వచ్చిన."

"నాను సెప్తాన్లే," అంది. ఏడవలేదు. లేచి మెకానిక్ దగ్గరికి వెళ్లింది.

మా మెకానిక్ హౌరా మనిషి, వయసులో పెద్దవాడు. బెంగాలీలో అన్నయ్య అన్నట్టు అందరం ఆయన్ని దాదా అనేవాళ్లం. ఆమె ఆయన్ని తన సీటు తీసి ఇమ్మని అడిగింది. ఈ కార్లలో డ్రైవరు సీటు ఎవరిది వాళ్లకే పనికొస్తుంది. ఒక సంచిలో నురగలాంటి రసాయనం పోసి, అది గట్టిపడేదాకా డ్రైవరును దాని మీద కదలకుండా కూర్చోబెడతారు. వీపు, నడుము, తొడలు ఎలా ఉంటే అలా అచ్చు పడుతుంది. మరొకరు కూర్చుంటే ఎముకలు ఒత్తుకుంటాయి.

దాదా నా వైపు చూశాడు. యజమానిని అడగాలేమో అన్నాడు. ఎవరికీ పనికిరాని దాన్ని అడిగి తీసుకోవాల్సిన పని లేదన్నాను. ఆయన మరలు విప్పి, సీటు బయటికి తీసి, గుడ్డతో తుడిచి ఆమె చేతికిచ్చాడు. సాయంత్రం ఆమె తండ్రి వచ్చాడు. విషయం ఫోనులో విన్నాడని ముఖం చూస్తే తెలిసింది. సీటు భుజం మీద పెట్టుకుని నది దాటే లాంచీ రేవు వైపు నడిచాడు. ఆమె వెనకే గొడుగు పట్టుకుని వెళ్లింది.

ఇక రాదనుకున్నాను. రెండు రోజుల తర్వాత వచ్చింది.

"ఇంట్లో కూకుని ఏటి సేస్తాను అక్కా? రిజర్వు అన్నారు కదా."

పుణె కుర్రవాడు కూడా అప్పటికే దిగాడు. అతనికి కొత్త సీటు పోత పోశాం. మంచి మర్యాద ఉన్న పిల్లవాడు. ఆ కారు అంతకుముందు ఎవరిదో, ఎందుకు ఖాళీ అయిందో అతనికి తెలుసు, అందుకని ఆమె ముందు కొంచెం తలదించుకునే ఉండేవాడు. పొడి ట్రాకు మీద వేగంగా నడిపేవాడు. వానలో మాత్రం భయపడేవాడు. చెన్నై ట్రాకులో ఒక పొడుగాటి కుడి మలుపు ఉంది. అక్కడ ఎంత ఆలస్యంగా బ్రేకు వేయవచ్చో, లోపలి అంచు నుంచి ముందు కారును ఎలా దాటవచ్చో ఆమె సిమ్యులేటరు దగ్గర అతని పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చూపించింది. అడగకుండానే చెప్పింది. ఆ రోజుల అంకెలన్నీ నా దగ్గరికి వచ్చేవి. ఆమె చెప్పాక అతని బ్రేకు గుర్తు ముందుకు జరగడం నాకు తెర మీద కనిపించింది.

"నీకు బాధనిపిస్తలేదా?" అని ఒకసారి అడిగాను.

"అనిపిస్తాది. కానీ ఆడేటి సేస్నాడు?" అంది.

జులైలో కోయంబత్తూరు నుంచి ఒక ఫోను వచ్చింది. అక్కడ ఒక చిన్న జట్టు ఉండేది, ఒక్కటే కారు, ఇద్దరు అన్నదమ్ములు ఆ జట్టును చూసుకునేవారు. వాళ్ల డ్రైవరు చదువు కోసం పందేలు మానేశాడు. ఖాళీగా ఎవరైనా ఉన్నారా అని అన్ని జట్ల మేనేజర్లనూ అడుగుతున్నారు. నేను ఆమె నంబరు ఇచ్చాను. ఇచ్చేముందు మా యజమానిని అడగలేదు. రిజర్వు డ్రైవరు వేరే జట్టుకు వెళ్లకూడదని ఎక్కడా రాసి లేదు.

వాళ్ల కారు నడిపి చూపించడానికి ఆమె షాలిమార్ స్టేషను నుంచే రైలెక్కింది. చెన్నైలో దిగి ఇంకో రైలు మారాలి. తండ్రి డ్యూటీలో ఉన్నాడు, తల్లి తోడు వెళ్లింది. నేను ప్లాట్‌ఫారం మీదికి వెళ్లాను. అందరి కార్లూ ఒకే రకం కనుక పాత సీటే అక్కడి కారులోనూ పడుతుంది. దాన్ని కూడా తీసుకెళ్తున్నారు. తల్లి దానికి పరదా గుడ్డతో ఒక సంచి కుట్టింది, పైన జిప్పు కూడా వేసింది. పక్క బెర్తు ఆవిడ అదేమిటని అడిగితే, "మా గుంట కూకునే కుర్చీ," అంది.

ఆమె కారు నడిపి చూపించిన సాయంత్రం అన్నదమ్ముల్లో పెద్దవాడు నాకు ఫోను చేశాడు. బాగా నడిపింది, తీసుకుంటున్నాం, కాగితాలు ఆగస్టులో రాసుకుంటాం అన్నాడు. ఆమె కూడా సరేనంది. అప్పటికి ఉన్నది ఆ మాట ఒక్కటే.

సీజను ఇంకో రెండు వారాల్లో మొదలవుతుందనగా పుణె కుర్రవాడికి విదేశాల్లో ఒక పెద్ద జూనియర్ జట్టులో చోటు దొరికింది. వాళ్ల నాన్న మా యజమానికి ఫోను చేసి క్షమించమన్నాడు. కుర్రవాడు గోదాముకు వచ్చి అందరికీ విడివిడిగా చెప్పి వెళ్లాడు. ఆ కంపెనీ పేరు అప్పటికే కార్ల మీద అతికించి ఉంది. ఒప్పందం ప్రకారం అది ఉంటుంది, డ్రైవరు మాత్రం ఉండడు.

"ఆ అమ్మాయిని పిలువు," అన్నాడు యజమాని.

"కోయంబత్తూరువాళ్లకు సరేనంది, సార్."

"సంతకం అయిందా?"

"కాలేదు."

"అయితే ఇంకేం. రిజర్వు కాదు, పూర్తి సీజను అని చెప్పు. నువ్వే వెళ్లి మాట్లాడు."

నేను మర్నాడు పొద్దున లాంచీ ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో గార్డెన్ రీచ్ చేరుకున్నాను. షిప్‌యార్డు గోడ వెంట వెళ్లే ఒక సందులో వాళ్లవి రెండు గదులు. తండ్రి ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. తల్లి పనికి వెళ్లింది. అమ్మాయి టీ పెట్టి తెచ్చి, నేల మీద కూర్చుంది. నేను యజమాని చెప్పమన్నది చెప్పాను.

తండ్రి ముఖం విప్పారింది. "మరింకేటమ్మా. ఇల్లు దగ్గర, మనుషులు తెలిసినోలు, కారు మంచిది. ఎల్లు."

ఆమె గ్లాసు వైపే చూస్తోంది. "నాను కోయంబత్తూరోలకి ఒస్తాననీసి సెప్పీసినాను కద నాన్నా."

"కాయితం అవనేదు కదే."

"కాయితం అయితేనే మాటేటి?"

"ఆలది ఒక్కటే కారు. ఇరిగిపోతే మరోటి నేదు. ఈలకి రెండున్నాయి."

"తెలుసు నాన్నా. ఈల కారే బాగుంటాది." ఆమె నా వైపు తిరిగింది. "ఆలు నన్ను పిలిసినప్పుడు నాకు ఎవులూ నేరు. ఏటి తెస్తావని అడగనేదు. నడిపించి సూసినారు, రమ్మన్నారు. ఇప్పుడు నాను రానంటే, పందెం ముందర ఆలు ఎవుల్ని ఎతుక్కుంటారు అక్కా? మీరు నాకు సేసిందే నాను ఆలకి సేసినట్టు కాదేటి?"

ఆమె గొంతులో నింద లేదు. జరిగిన విషయం చెబుతోంది, అంతే. నేను ఆమెను ఒప్పించడానికి వెళ్లాను కనుక ఒప్పించే మాటలు ఏవో ఉండాలి. ఈ కారుతో ముందు వరసలో ఉంటావు, ముందు వరసలో ఉంటేనే పెద్ద సిరీస్‌వాళ్ల కళ్లల్లో పడతావు అన్నాను. అది అబద్ధం కాదు. ఆమె విని, తల ఊపి, "నాను కోయంబత్తూరే ఎల్తాననీసి మీ సారుకి సెప్పీ అక్కా," అంది. నా మటుకు నాకు మరోసారి అడగాలనిపించలేదు.

తండ్రి నాతో ఆటో స్టాండు దాకా వచ్చాడు. ఆటో ఎక్కేముందు, "నాకైతే మీకాడే ఉంటే బావుండీది. మీ సారుకి కోపం ఒస్తాదేటి?" అని అడిగాడు.

"రాదనుకుంటున్న," అన్నాను.

యజమానికి నిజంగానే కోపం రాలేదు. "కోయంబత్తూరువాళ్లకు ఆమె సంగతి ఎవరు చెప్పారు?" అని అడిగాడు.

"నేనే చెప్పాను, సార్."

ఆయన ఫోను తీసి నా చేతికిచ్చి, మూడేళ్ల క్రితం మా దగ్గర నడిపి మానేసిన ఒక డ్రైవరు నంబరు వెతకమన్నాడు. అతను వచ్చాడు. జూనియరు అనిపించుకునే వయసు చివరి అంచున ఉన్నాడు, నెమ్మదస్తుడు, తప్పులు చేయడు. అతనికి మళ్లీ సీటు పోత పోశాం. ఒక్క వానాకాలంలో ఆ కారుకు అది రెండో కొత్త సీటు.

మొదటి పందేలు చెన్నైలో. మొదటి రోజు వెనక నుంచి ఎవరో గుద్దితే ఆమె కారు ముందున్న కారుకు తగిలి, ముక్కు దగ్గరుండే ముందు రెక్క విరిగింది. అన్నదమ్ముల దగ్గర ఇంకో రెక్క లేదు. వాళ్లు మా దాదాను అడిగారు, దాదా నన్ను అడిగాడు, నేను యజమానిని అడిగాను. ఇవ్వమన్నాడు.

రెండో రోజు వాన పడింది. నేను మా రెండో కారు డ్రైవరుతో రేడియోలో మాట్లాడే చోట కూర్చున్నాను. పందెం సగం దాటేసరికి అతను అయిదో స్థానంలో ఉన్నాడు. వెనక నుంచి ఒక కారు ఒక్కొక్కరినీ దాటుకుంటూ వస్తోంది. అది ఆమెది.

"వెనక ఎవరు?" అని అడిగాడు.

చెప్పాను. అతనికి ఆమె నడిపే తీరు తెలియదు. నాకు తెలుసు. పొడుగాటి కుడి మలుపులో ఆలస్యంగా బ్రేకు వేసి లోపలి అంచు నుంచి వస్తుంది. ఆమె స్టూలు మీద కూర్చుని ఆ కుర్రవాడికి నేర్పింది అదే. ఆ సంగతి అతనికి చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించానని అంటే అది నిజం కాదు. నా జట్టు ఇది, నా పని ఇది. "కుడి మలుపులో లోపలి నుంచి వస్తుంది. లోపల మూసెయ్యి," అన్నాను.

అతను లోపలి వైపు మూసేశాడు. ఆమె బయటి వైపు నుంచి వచ్చింది. పొడి రోజుల్లో అందరూ కారు నడిపే దారిలో టైర్ల రబ్బరు పేరుకుని, వాన పడితే జారుడుగా ఉంటుంది. ఎవరూ వెళ్లని బయటి అంచున టైరుకు పట్టు దొరుకుతుంది. ఆమె అక్కడ చక్రాలు పెట్టి, మలుపంతా మా కారు పక్కనే వచ్చి, చివర్లో ముందుకు వెళ్లిపోయింది. తర్వాత ఇంకొకరిని కూడా దాటి నాలుగో స్థానంలో ముగించింది. మాది ఆరు.

సాయంత్రం మా గుడారం ముందు కార్లను లారీ ఎక్కిస్తుంటే ఆమె వచ్చింది. తడి సూటు మీద తువ్వాలు కప్పుకుని ఉంది. రెక్క ఇచ్చినందుకు యజమానికి కృతజ్ఞతలు చెప్పింది. ఆయన బాగా నడిపావన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు సెప్పీసుంటావనీసి తెలుసు అక్కా. లోపల్నుంచి ఒస్తాననీసి."

"చెప్పిన."

"అందుకే బయట్నుంచి ఎల్లాను," అంది. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. దాదా ఇచ్చిన సమోసా ఇద్దరం తెంపుకుని తిన్నాం.

ఆ సీజను ఆమె మధ్య వరసలోనే ముగించింది. కారు ఒక్కటే కావడం వల్ల రెండు పందేలు పూర్తిగా పోయాయి. తండ్రి అన్నది నిజమే అయింది. మరుసటి ఏడాది మా యజమాని మళ్లీ అడిగాడు, ఈసారి తనే ఫోను చేశాడు. ఆమె ఉన్నచోటే ఉంటానంది. కొత్త ఒప్పందం ఇంగ్లీషులో పంపితే, సంతకం చేసేముందు నాకు పంపింది. ఫోనులో ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను.

"నన్ను తీసీయాలంటే ఎంత ముందర సెప్పాలనీసి రాసినారేటి?" అని అడిగింది.

అలాంటి వాక్యం ఏదీ లేదు. చేర్చమని అడగమన్నాను. అడిగిందట, అన్నదమ్ములు చేర్చారట. ఇప్పుడు అక్కడే గది తీసుకుని ఉంటోంది. ఫోను చేసినప్పుడు ఆమె మాటల మధ్య బెంగాలీ తగ్గింది, తమిళం వస్తోంది.